డ్రాఫ్టు బాబాయి రెండో ఉత్తరం

ఆ వీధిలో ఎవరికి ఇంగ్లీషు ఉత్తరం కావలసివచ్చినా ఎక్కేది ఒకటే గడప. ఆ ఇంటాయన నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీలో హెడ్ క్లర్కు. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆ కంపెనీ నుంచి బయటికి వెళ్ళిన ఇంగ్లీషు ఉత్తరాలన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. మేనేజర్లు మారారు, సంతకాలు మారాయి, ఇంగ్లీషు మాత్రం మారలేదు. ఆఫీసులో ఆయన రాసేదాన్ని డ్రాఫ్టు అంటారు కాబట్టి వీధిలో అందరికీ ఆయన డ్రాఫ్టు బాబాయి అయిపోయాడు. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అని పిలుస్తుంటే మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

సాయంత్రం ఆరింటికి ఆయన వరండాలో పడక్కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆలస్యం, జనం దిగేవారు. కొన్న నెలకే మూలపడ్డ ఫ్రిజ్ గురించి ఒకరు, అల్లుడి బదిలీ గురించి ఒకరు, పై ఇంటి నుంచి కారే నీళ్ళ గురించి ఒకరు. వచ్చినవాళ్ళు తాతలనాటి నుంచి మొదలుపెట్టి, కళ్ళొత్తుకుని, ముక్కు చీది, అరగంట చెప్పేవారు. ఆయన అంతా ఓపిగ్గా విని నాలుగు లైన్లు రాసిచ్చేవాడు.

"ఇంతేనా బాబాయ్? నేనింతసేపు ఏడ్చింది ఏమైంది?"

"ఇంగ్లీషువాడి ముందు ఏడిస్తే కాగితం తడుస్తుంది కానీ పని జరగదయ్యా. 'మాకు కొంచెం నిరాశ కలిగింది' అని రాశాను చూడు. వాళ్ళ లెక్కలో గుండెలు బాదుకోవడమంటే అదే."

ఫ్రిజ్ మారేది. అల్లుడు కదిలేవాడు. కారే నీళ్ళు మాత్రం ఇంకా కారుతూనే ఉన్నాయి, పై ఇంటాయనకి ఇంగ్లీషు రాదు మరి.

బాబాయికి ఒక సిద్ధాంతం ఉంది. ఒక భాష నేర్చుకోవడమంటే మాటలు బట్టీపట్టడం కాదనీ, ఆ జనం దేన్ని మెచ్చుకుంటారో, దేనికి నొచ్చుకుంటారో పట్టుకోవడమనీ ఆయన వాదన. అలా పట్టుకున్నవన్నీ ఒక పొడుగు పుస్తకంలో రాసుకునేవాడు. బాబాయి, మావయ్య, పెదనాన్న అందరినీ ఇంగ్లీషువాడు అంకుల్ అనే ఒక్క సంచీలో పడేశాడంటే, చుట్టాల్ని వేరువేరుగా తలుచుకునే తీరిక అతనికి లేదన్నమాట అని ఒకచోట ఉంటుంది. 'ప్రైవసీ' అనే మాటకి తెలుగు వెతకడానికి వారం రోజులు తంటాలుపడి, చివరికి పక్కన ఇలా రాసుకున్నాడు: "మూడు గదుల ఇంట్లో ఏడుగురం పెరిగాం. వస్తువే లేనప్పుడు పేరెక్కడ్నించి వస్తుంది?" పోనీ వాళ్ళకన్నీ ఉన్నాయా అంటే, మన అలకకి వాళ్ళ దగ్గర మాట లేదు. అలిగి కూర్చుంటే బతిమాలేవాళ్ళు ఉండాలి కదా అంటాడాయన.

ఇంట్లోనూ ఒకసారి ప్రయోగం చేశాడు. భార్య కాఫీ తెచ్చిస్తే "థాంక్యూ" అన్నాడు. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"ఏమైందండీ మీకు? నేనేమన్నా పరాయిదాన్నా?"

ఆ రోజు కాఫీ తాగాక ఆయన పుస్తకంలో ఒక పేజీ నిండిందట.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇంత తెలిసిన మనిషి కూడా ఒకసారి బొక్కబోర్లా పడ్డాడు. ఆ కథకి కారణం పై వాటాలో ఉండే టైలరమ్మ కూతురు.

ఆ పిల్ల నాలుగో ఏట మెట్లు దిగి వచ్చి ఆయన వరండాలో ఏ బీ సీ డీలు దిద్దింది. దిద్దినంతసేపూ నోరు ఊరుకునేది కాదు. "వాన పడుతుంటే కూడా గుడ్ మార్నింగ్ అనే అనాలా బాబాయ్?" అనేది. "అనమన్నారు, అను" అంటే, "ఎవరన్నారు?" అనేది. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాదు. మూడో నాలుగో రండి లెక్కపెడదాం అని చేయి పట్టుకుని లాక్కెళ్ళే రకం. వీధంతా కలిసి ఆ పిల్లకి లాయరమ్మ అని పేరు పెట్టారు. వాళ్ళమ్మ మిషను తొక్కుతూ, "దీని నోటికి దణ్ణం పెట్టాలి బాబాయిగారూ, ఎవరి మాటా వినదు" అని రోజుకి రెండుసార్లు అనేది. "పెరిగితే అదే సర్దుకుంటుందిలే అమ్మా" అనేవాడాయన. పెరిగింది. ఏమీ సర్దుకోలేదు.

లాయరమ్మ డిప్లొమా చదివి బాబాయి కంపెనీలోనే టెస్టింగ్ షెడ్డులో చేరింది. తయారైన పంపుల్ని నీళ్ళలో తిప్పి చూసి, బాగుంటే ముద్ర కొట్టడం ఆమె పని. మూడేళ్ళు చేశాక, లిఫ్టులూ క్రేన్లూ తనిఖీ చేసే ఒక పెద్ద ఇంగ్లీషు సంస్థకి ఊళ్ళో ఉన్న ఆఫీసులో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం పడిందని తెలిసి దరఖాస్తు పెట్టింది. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల కోరుకున్న ఉద్యోగం ఏదైనా ఉంటే అదే. దానికోసం ఏడాదిపాటు తెల్లవారుజామునే లేచి చదివింది. రాతపరీక్ష గట్టెక్కింది. ఇక, ఆమె పనితీరు ఎరిగిన పెద్దమనిషి ఒకరు ఆమె గురించి ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం చూశాకే ఇంటర్వ్యూకి పిలుస్తారు.

"మీరు తప్ప నాకెవరున్నారు బాబాయ్?" అంది లాయరమ్మ.

"అదేం మాట! చూస్తూ ఉండు, ఎలాంటి ఉత్తరం రాస్తానో" అన్నాడు బాబాయి.

రాశాడు మరి. రెండు రోజులు కూర్చుని, మూడు డ్రాఫ్టులు చించి రాశాడు. తలొంచుకుని వచ్చి తలొంచుకుని వెళ్ళే పిల్ల అనీ, గీసిన గీత దాటదనీ, పెద్దల మాట జవదాటడం అనేది ఆమె ఎరగదనీ, ఏ పని చెప్పినా ఎందుకని అడగకుండా చేసుకుపోతుందనీ, ఈ మూడేళ్ళలో ఒక్కరికైనా ఎదురు చెప్పిన పాపాన పోలేదనీ మంచి ఇంగ్లీషులో రాశాడు. ఒక్క అక్షరం నిజం లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ పెళ్ళిచూపుల్లో పిల్లకి వంట వచ్చని చెప్పినట్టు, ఇలాంటి చోట నాలుగు మంచిమాటలు చెప్పడం పెద్దల ధర్మం కాదూ? పిల్ల లోపాలన్నీ కప్పిపెట్టానన్న తృప్తితో కవరు అంటించాడు.

పది రోజులకి, ఒక మంగళవారం, జవాబు వచ్చింది. ఆఫీసులో నిలబడే చదివాడు. 'ఆమె ఏ ఆదేశాన్నీ ఎన్నడూ ప్రశ్నించలేదని మీరు రాసినది మాకు ఎంతో ఆసక్తి కలిగించింది' అని మొదలైంది. బాబాయి మొహం చాటంత అయింది. కానీ కింద ఇంకో రెండు లైన్లున్నాయి. 'ఆమె తన పైవారితో విభేదించిన సందర్భం ఒక్కటైనా ఉంటే, ఏం జరిగిందో శుక్రవారం లోపు తెలియజేయగలరా? అది తెలిస్తే తప్ప మేము ముందుకు వెళ్ళడం కష్టం' అని.

ఇంటికొచ్చి భార్య దగ్గర మండిపడ్డాడు.

"చూశావా వీళ్ళ తెలివి! నేను మంచిపిల్ల అని రాస్తే, ఏదో ఒక మచ్చ ఉండే ఉంటుంది చెప్పమని కూపీ లాగుతున్నారు. నా చేతే పిల్ల మీద చాడీలు చెప్పిస్తారట! నేనంత తేలిగ్గా దొరుకుతానా? అలాంటిదేదీ లేదు, ఒట్టు, అని రాసి పారేస్తా."

ఆవిడ బట్టలు మడతపెడుతూ విన్నది. ఇంగ్లీషు రాదు కానీ మనుషులు వచ్చు ఆవిడకి.

"ఇంతకీ ఆ ఉద్యోగంలో ఏం చేయాలండీ?"

"లిఫ్టులు చూడాలి."

"చూసి?"

రెండు రోజులు కూర్చుని బాబాయి ఉత్తరమైతే రాశాడు కానీ, ఆ పని ఏమిటో అడగాలని తోచలేదు. పని ఏదైనా మంచిపిల్ల మంచిపిల్లే కదా అనుకున్నాడు. మర్నాడు పొద్దున లాయరమ్మ మెట్లు దిగుతుంటే ఆపి, ఏదో మాటవరసకి అడిగినట్టు అడిగాడు.

"ఏం లేదు బాబాయ్, లిఫ్టు బాగాలేకపోతే ఆపించాలి. అంతే" అంది ఆమె చెప్పులేసుకుంటూ. "అందులోనే ఉంటుంది తంటా అంతా. బిల్డింగాయన అరుస్తాడు. పెద్దవాళ్ళ చేత ఫోన్లు చేయిస్తాడు. ఈ ఒక్కసారికీ సంతకం పెట్టమ్మా, నీ తండ్రిలాంటివాణ్ణి అంటాడు. పెట్టకూడదు. పెడితే తాడు తెగి పడేది ఆయన కాదుగా."

ఆమె వెళ్ళిపోయింది. బాబాయి మెట్ల దగ్గరే ఆగి, తన ఉత్తరం మనసులో మళ్ళీ చదువుకున్నాడు. ఏమిటి తను రాసింది? ఎందుకని అడగదు! ఎవరికీ ఎదురు చెప్పదు! కాపలా ఉద్యోగానికి వచ్చినవాణ్ణి, వీడు కూర్చుంటే చాలు కళ్ళు మూతలు పడతాయి అని పొగిడినట్టుంది. వాళ్ళు కూపీ లాగలేదు. ఇంకో అవకాశం ఇచ్చారు. పాపం, మర్యాదగా ఇచ్చారు.

ఆఫీసులో ఆ రోజంతా ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. ఎదురు చెప్పిన సందర్భం ఒక్కటి కావాలట. ఒక్కటేం ఖర్మ, బండెడున్నాయి. కానీ నిజంగా చెప్పాల్సింది ఒకటే ఉంది. అది రాయాలంటేనే చెయ్యి రావడం లేదు.

రెండేళ్ళ కిందటి మాట. ఒక ఆస్పత్రికి నలభై పంపులు వెళ్ళాలి. లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. లాయరమ్మ ఒక పంపు విప్పి చూసి, ఎర్తు వైరు వదులుగా ఉంది, తడి చేత్తో ముట్టుకుంటే ప్రాణం పోతుంది, నలభై విప్పి చూసేదాకా ముద్ర కొట్టను అని కూర్చుంది. ఫోర్‌మన్ అరిచాడు. మేనేజరు అరిచాడు. ఆ పిల్ల తాటాకు చప్పుళ్ళకు బెదిరే రకం కాదు. చివరికి మేనేజరు, "మీ మాటైతే వింటుంది, మీరెళ్ళండి" అని బాబాయిని పంపాడు. ఆయన వెళ్ళి, అందరూ చూస్తుండగా, పెద్దవాళ్ళు చెప్పినప్పుడు ఒక మెట్టు దిగాలమ్మా అన్నాడు.

"నేను దిగితే ఎర్తు వైరు బిగుసుకుంటుందా బాబాయ్?" అంది ఆమె.

షెడ్డులో ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయికి తలకొట్టేసినట్టయింది. "ఇంత పొగరు పనికిరాదే! మీ అమ్మ పెంపకం ఇదేనా?" అనేశాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముద్ర మాత్రం కొట్టలేదు.

నలభై విప్పారు. పదకొండు వదులు. బిగించి మర్నాడు పంపారు. ఎవరూ ఆ పిల్లని మెచ్చుకోలేదు. ఆస్పత్రికి ఉత్తరం రాసింది బాబాయే: 'మా కంపెనీకి అలవాటైన జాగ్రత్త వల్ల కొద్దిగా ఆలస్యమైంది' అని. ఆ వాక్యం బాగా కుదిరిందని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.

గురువారం సాయంత్రం ఆయన తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాడు. ఫ్రిజ్ ఆయన మళ్ళీ వస్తే రేపు రమ్మన్నాడు. భార్య పొడుగు పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.

"వాళ్ళకి ఏం నచ్చుతుందో ఇందులో రాసుకున్నారుగా, చూడండి."

తెరిచాడు. ఇంగ్లీషువాళ్ళు మెచ్చుకునే మాటలు అని ఒక పేజీ ఉంది. మనసులో మాట మొహం మీదే చెప్పే మనిషి, సొంత బుర్ర ఉన్న మనిషి, తన కాళ్ళ మీద తను నిలబడి ఎవరు తోసినా కదలని మనిషి, ఇలా సాగింది. ప్రతిదాని పక్కనా, మన వీధిలో దాన్ని ఏమంటారో ఆయనే చిన్న అక్షరాలతో రాసుకున్నాడు. నోటి దురుసు. తలబిరుసు. మొండిఘటం. ఎవరి మాటా వినదు. పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే లాయరమ్మ మీద ఇరవయ్యేళ్ళుగా పడిన తిట్లన్నీ వరసగా ఉన్నాయి.

"ఏమే, ఇన్నాళ్ళూ మనం ఆ పిల్లని తిట్టామా, పొగిడామా?" అన్నాడు తెల్లబోయి.

"మీరైతే తిట్టారు" అంది ఆవిడ. "నేను అప్పుడే అన్నాను, ఆ పిల్ల చెప్పింది నిజమేగా అని. మీరు విన్నారా? మీరూ ఎవరి మాటా వినరు. కాకపోతే మగవాళ్ళు కాబట్టి దాన్ని పెద్దరికం అంటారు."

బాబాయికి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వచ్చింది. కలం తీశాడు. ఈసారి డ్రాఫ్టులు చించలేదు. మొదటి ఉత్తరంలో తను రాసింది నిజం కాదనీ, ఈ అమ్మాయి ఎందుకని అడగకుండా ఏ పనీ చేయదనీ రాశాడు. పంపుల సంగతి ఉన్నదున్నట్టు రాశాడు. ఆ తర్వాత చాలాసేపు ఆగి, ఇది రాశాడు: 'ఆ రోజు ఆమె కాదన్న పెద్దమనిషిని నేనే. ఆమెది సరైన మాట. నాది తప్పు. నా మాట వినుంటే ఒక ప్రాణం పోయి ఉండేది. ఆమెకంటే గట్టి మనిషిని నా సర్వీసులో నేను చూడలేదు. ఆమెను చూసి నేను గర్విస్తున్నాను.' ఇంగ్లీషులో అవి ఎంత చిన్న వాక్యాలో! కొన్నైతే మూడేసి, నాలుగేసి మాటలే. చకచకా పడిపోయాయి.

శుక్రవారం పొద్దున మేనేజరుకి చూపించకుండా, మనిషి చేత వాళ్ళ ఆఫీసుకే పంపేశాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో పైవాళ్ళకి చూపించకుండా ఆఫీసు నుంచి ఆయన పంపిన మొదటి ఉత్తరం అదే. పంపాక ఒక గంటసేపు మేనేజరు గది వైపే చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఆకలి బాగా వేసింది.

మూడు వారాలు గడిచాయి. లాయరమ్మ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. ఎలా జరిగిందంటే చెప్పలేదు. ఎప్పుడూ లేనిది, నాలుగు రోజులు మెట్ల మీద ఎదురుపడ్డా తలూపి వెళ్ళిపోయింది. ఉద్యోగం పోయిందనీ, తన మొదటి ఉత్తరమే కొంప ముంచిందనీ బాబాయి మథనపడిపోయాడు. అన్నం సయించలేదు. ఆ పిల్ల ఏడాది పాటు నిద్రమాని చదివిన చదువు తన నాలుగు మంచిమాటలకి బలైపోయిందని భార్యతో అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అయిదో రోజు సాయంత్రం టైలరమ్మ మిషను ఆగిపోయింది. పైనుంచి కేకలు, నవ్వులు. లాయరమ్మ రెండేసి మెట్లు దూకుతూ వచ్చి, ఒక కాగితం ఆయన ఒళ్ళో పడేసింది. ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీకున చేరాలి.

"హమ్మయ్య! చంపేశావు కదే, నాలుగు రోజులుగా మాట్లాడవేం?" అన్నాడు బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

"మీ మీద అలిగాను" అంది ఆమె. వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చుంది. మొహం నవ్వుతూనే ఉంది కానీ గొంతు వేరేగా ఉంది. "ఇంటర్వ్యూలో మీ ఉత్తరం నాకు చదివి వినిపించారు బాబాయ్. రెండోది. మొత్తం."

బాబాయి తుడిచిన కళ్ళజోడే మళ్ళీ తుడిచాడు.

"ఎవరో ముక్కూమొహం తెలియని ముగ్గురు కూర్చుని, ఆ రోజు నాదే రైటని మీరన్నారని నాకు చెప్తున్నారు. నేను అక్కడే ఏడ్చేశాను. రెండేళ్ళు బాబాయ్! మీరు ఆ మాటన్నాక రెండేళ్ళు నాకు మనసులో ముల్లులా ఉంది. చనువుకొద్దీ అన్నారులే, కోపంలో అన్నారులే అని సర్దిచెప్పుకున్నాను. పై వాటాలో ఉండే మనిషికి చెప్పకుండా, వాళ్ళకి చెప్పారేం?"

"రాశాను కదే..."

"వాళ్ళకి రాశారు. ఇంగ్లీషులో రాశారు. ఉద్యోగం కోసం రాశారో, నిజంగా రాశారో నాకేం తెలుసు? నాకు తెలుగులో చెప్పండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

బాబాయి భార్య వైపు చూశాడు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది, సాయం వచ్చే ఉద్దేశం ఏ కోశానా ఉన్నట్టు లేదు. ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు, వెనక్కి జరిగాడు. పెద్దవాళ్ళు పిల్లల్ని మొహం మీద మెచ్చుకోవడం ఆయన తండ్రి దగ్గర వినలేదు, తాత దగ్గర వినలేదు. ఇంగ్లీషులో నాలుగు నిమిషాల్లో రాసేసిన మాటలు తెలుగులో కొండలైపోయాయి. ఎందుకంటే ఇంగ్లీషు ఆయన చేతిలో ఉంది. తెలుగు లోపలెక్కడో ఉంది.

"ఆ రోజు..." అని ఆగాడు. "ఆ రోజు నువ్వు చేసిందే రైటమ్మా. నేను తప్పు మాటన్నాను. మీ అమ్మ పెంపకాన్ని కూడా అన్నాను. అనకూడదు. నన్ను క్షమించు."

ఇంకా ఉంది కదా అన్నట్టు ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"నిన్ను చూస్తే..." ఆయన నేల వైపు చూస్తూ, అక్కడెక్కడో మాట పడిపోయినట్టు వెతుక్కున్నాడు. "నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉంటుందే. ఇప్పుడు కాదు. ఎప్పట్నించో."

లాయరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇంకోసారి చెప్పండి బాబాయ్."

ఈసారి ఆయన తలెత్తి, ఆమె మొహం చూస్తూ చెప్పాడు.